ఎవరికి సహజం ఈ నాయకత్వం?

'నాయకుడు' అన్న మాటకి తెలుగులో స్త్రీలింగ రూపాలు రెండున్నాయి. ఒకటి నాయిక, రెండోది నాయకురాలు. సాహిత్యం చదువుకున్నవాళ్ళం మొదటి మాటతోనే ఎక్కువ కాలం గడుపుతాం. అలంకార శాస్త్రం నాయకుణ్ణి ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాలుగు రకాలుగా చెప్పింది. ఈ విభజనకి ఆధారం అతని స్వభావం. నాయికల దగ్గరికి వచ్చేసరికి మనకు బాగా పరిచయమైనది అష్టవిధ నాయికల జాబితా. వాసకసజ్జిక, విరహోత్కంఠిత, ఖండిత, విప్రలబ్ధ, ప్రోషితభర్తృక... ఇక్కడ ఆధారం ఆమె స్వభావం కాదు. ఆమె పురుషుడు ఈ రాత్రి వచ్చాడా, రాలేదా, దేశాంతరం వెళ్ళాడా, మరొకతె దగ్గర ఉన్నాడా అన్నదే ఆధారం. అతను ఏమిటో అతన్ని బట్టి తేలుతుంది. ఆమె ఏమిటో కూడా అతన్ని బట్టే తేలుతుంది.

ఇదే సందర్భంలో మరో గ్రంథాన్ని గుర్తు చేసుకోవాలి. 14వ శతాబ్దం తొలినాళ్ళలో ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు సంస్కృతంలో ప్రతాపరుద్రీయం రాశాడు. అందులో నాయకుడికి ఉండవలసిన గుణాల జాబితా ఒకటి ఉంది. మొదటి గుణం మహాకులీనత, అంటే గొప్ప కులంలో పుట్టడం. ఔదార్యం, తేజస్సు, ధార్మికత అన్నీ ఆ తర్వాతే వస్తాయి. ఆ ప్రతాపరుద్రుడికి సింహాసనం వచ్చింది అమ్మమ్మ రుద్రమదేవి నుంచి. ఆ అమ్మమ్మ రాజ్యం చెయ్యడానికి శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అని మగపేరు పెట్టుకోవలసి వచ్చింది. మనవడికి పుట్టుకతో వచ్చిన నాయకత్వం అమ్మమ్మకి మాత్రం మారుపేరుతో వచ్చింది.

'సహజం' అంటే మనం ఇప్పుడు మామూలుది, కృత్రిమం కానిది అనే అర్థంలో వాడుతున్నాం. కానీ ఆ మాటకి మూలార్థం 'కూడా పుట్టినది'. సహజ కవచం అంటే కర్ణుడితో పాటు పుట్టిన కవచం. 'ఆయనది సహజ నాయకత్వం', 'ఆమె పుట్టుకతోనే నాయకురాలు' అని సభల్లో, సంస్మరణ సంచికల్లో మనం ఎంతో మెచ్చుకోలుగా అనే మాటలో ఈ పుట్టుక దాగి ఉంది. స్త్రీల జీవిత కథనాల మీద పని చేస్తున్న నన్ను ఈ మాట చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. ఎందుకంటే అది అందరి విషయంలో ఒకే పని చెయ్యదు. పై కులాల, భూమి ఉన్న కుటుంబాల పురుషుల విషయంలో అది వారసత్వాన్ని గుణంగా మార్చి చూపిస్తుంది. కింది కులాల స్త్రీల విషయంలో అది నేర్చుకున్నదాన్ని ప్రకృతిగా మార్చి చూపిస్తుంది. మొదటివాళ్ళకి లేనిది ఇస్తుంది, రెండోవాళ్ళ దగ్గర ఉన్నది తీసుకుంటుంది. మన చరిత్రలోంచి కొన్ని పేర్లు తీసుకుని ఈ సంగతి వివరించాలని నా ప్రయత్నం.

'నాయకురాలు' అన్న మాటని ఇంటిపేరులా మోసిన స్త్రీ తెలుగువాళ్ళ జ్ఞాపకంలో ఒక్కతే ఉంది, 12వ శతాబ్దపు పల్నాటి నాగమ్మ. రాజవంశంలో పుట్టలేదు. మంత్రి అయింది. యుద్ధం నడిపింది. ఆమెను మన వీరగాథలు ఎలా గుర్తు పెట్టుకున్నాయి? కోడిపందెంలో మాయోపాయం పన్నినదానిగా, అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టినదానిగా, కారంపూడి రణరంగంలో పారిన నెత్తురుకి కారకురాలిగా. ప్రత్యర్థి పక్షంలో ఉన్న బ్రహ్మనాయుడు ఎత్తు వేస్తే అది రాజనీతి, అతను దార్శనికుడు. నాగమ్మ ఎత్తు వేస్తే అది కుట్ర. నాయకత్వం స్త్రీకి అసహజం అనుకున్న కాలంలో అది ఆమెలో కనిపించినప్పుడు పెట్టగల పేరు అదొక్కటే. ఆధునిక కాలం ఈ నిందని వదిలేసింది, మంచిదే. కానీ దాని స్థానంలో పెట్టిన ప్రశంసని కూడా మనం అనుమానంగానే చూడాలి.

చాకలి ఐలమ్మ కథ ఇప్పుడు చాలామందికి తెలుసు. పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న భూమిలో కుటుంబంతో సేద్యం చేసుకుంటున్న స్త్రీ. ఆ భూమినీ ఆ పంటనీ లాక్కోవడానికి విసునూరు దేశముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ప్రయత్నించాడు. ఆమె ఆంధ్ర మహాసభలో, అంటే జనం నోట 'సంఘం'లో, చేరింది. కొడుకులు జైలుకు పోయారు, ఇల్లు తగలబడింది, అయినా గింజలు దొర గడీకి పోలేదు. పాఠ్యపుస్తకాల్లో, ఉపన్యాసాల్లో ఈ కథ ఎప్పుడూ ఒకే చిత్రంతో ముగుస్తుంది. చేతిలో కర్ర, ఎదురుగా గూండాలు, మధ్యలో ఒంటరిగా ఐలమ్మ. 'వీరనారి' అన్న మాట ఆ చిత్రం కింద రాయడానికే పుట్టినట్టుంటుంది.

ఆమె ధైర్యాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ ధైర్యం వెనక ఉన్న పనిని ఎందుకు చూడం అన్నదే నా ప్రశ్న. కుల వృత్తికి వెట్టి తోడైన వ్యవస్థలో చాకలి స్త్రీ బతుకు ఎలాంటిది? ఊళ్ళో ప్రతి ఇంటి గడపకీ ఆమె వెళ్ళాలి. పురుడు, పెళ్ళి, చావు ఏది జరిగినా ఆమె ఉండాలి. ఏ ఇంట్లో ఎంత తిండి ఉందో, ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో, ఎవరిని నమ్మవచ్చో, గడీ లోపల ఏం జరుగుతోందో ఆమెకి తెలుస్తుంది. ఇది ఊరిని చదవడం. ఏ రాజకీయ కార్యకర్త అయినా ఒక ఊళ్ళో పని మొదలుపెట్టాలంటే ముందు సంపాదించుకోవలసిన జ్ఞానం ఇదే. వెట్టి ఆమె నుంచి శ్రమని గుంజుకుంటూనే ఆమెకి తెలియకుండా ఈ చదువు చెప్పింది. దీనికి సంఘం తోడైంది. పంట కోతకు కార్యకర్తలు వచ్చారు. ధాన్యాన్ని ఇంటికి చేర్చడానికి మనుషులు నిలబడ్డారు. కేసులు నడిపారు. తన హక్కు ఏదో, దాన్ని ఎక్కడ అడగాలో, ఎవరి తోడుతో అడగాలో ఆమె ఒక్కొక్కటే తేల్చుకుంది. కౌలుదారుగా తన హక్కుని తెలుసుకోవడం, సంఘంలో చేరాలని నిర్ణయించుకోవడం, చేరాక దెబ్బలు పడుతున్నా వెనక్కి రాకూడదని మళ్ళీ మళ్ళీ నిర్ణయించుకోవడం, ఇవన్నీ ఆలోచనలు. వీటిని తీసేసి కర్ర పట్టుకున్న చెయ్యి ఒక్కటే మిగిల్చితే, నాయకత్వం కాస్తా ఆవేశం అయిపోతుంది.

తెలంగాణ సాయుధ పోరాటం గురించి పుచ్చలపల్లి సుందరయ్య రాసిన గ్రంథం 1972లో వచ్చింది. స్త్రీల పాత్రకి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించిన నిజాయితీ ఆయనది. అయితే అక్కడ కూడా అణగారిన స్త్రీలలో ఎంతటి విప్లవశక్తి నివురుగప్పిన నిప్పులా ఉందో అని అబ్బురపడటమే కనిపిస్తుంది. నిప్పు దానంతటది ఆలోచించదు. ఎవరో వచ్చి ఊదాలి. మన ఉద్యమ సాహిత్యంలో స్త్రీలు ఎప్పుడూ వరదలా పోటెత్తుతారు, లావాలా ఉబుకుతారు, కార్చిచ్చులా వ్యాపిస్తారు. పురుష నాయకులు మాత్రం అధ్యయనం చేస్తారు, వ్యూహం రచిస్తారు, నిర్ణయం తీసుకుంటారు. ఒకే పోరాటంలో ఒకరు ప్రకృతి, మరొకరు చరిత్ర.

ఈ చూపుని మొదటిసారి గట్టిగా ప్రశ్నించిన పుస్తకం 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో తాము చెప్పుకున్న కథనాలవి. ఐలమ్మ కథనం కూడా అందులో ఉంది. పుస్తకం వచ్చేనాటికి ఆమె లేదు, 1985 సెప్టెంబరులోనే చనిపోయింది. ఈ కథనాలను వరసగా చదివితే 'సహజం' అన్న మాట స్త్రీలకి ఎలా రెండువైపులా పదునున్న కత్తి అవుతుందో అర్థమవుతుంది. కమలమ్మ అనే కార్యకర్త అడవిలో దళంతో ఉండగా పసిబిడ్డను వదులుకోవలసి వచ్చింది. బిడ్డ కావాలో దళం కావాలో తేల్చుకోవలసిన స్థితి అది. ఆ దళంలోని తండ్రులెవరినీ చరిత్ర ఈ ప్రశ్న అడగలేదు. తల్లికి బిడ్డ మీద ప్రేమ సహజం, పోరాటకారిణికి త్యాగం సహజం. రెండు సహజాలూ ఒకే స్త్రీ మీద కూర్చుంటే ఆమె ఏమవుతుంది? ఆ కథనం చదివాక 'సహజ నాయకత్వం' గురించి తేలిగ్గా మాట్లాడటం నాకు సాధ్యం కాలేదు.

మల్లు స్వరాజ్యం కథ దీనికి మరో వైపు. 1931లో కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య రెడ్డి కుటుంబంలో పుట్టింది. 'మహాకులీనత' కొలతబద్ద ప్రకారం చూస్తే ఆ ఇంటి మగపిల్లలకి నాయకత్వం సహజం. ఆడపిల్లకి గడప లోపల ఉండటం సహజం. ఆమె నాయకత్వం ఎక్కడినుంచి వచ్చింది అంటే చాలామంది ఆమె గొంతు, ఆమె తెగువ అంటారు. కానీ ఆమె జీవితంలో వరసగా కనిపించేవి వేరు. తల్లి చొక్కమ్మ ఇచ్చిన వెసులుబాటు. అన్న భీంరెడ్డి నరసింహారెడ్డి ద్వారా ఇంట్లోకి వచ్చిన రాజకీయాలు. చిన్నతనంలోనే చదివిన గోర్కీ 'అమ్మ' నవల. వెట్టికి వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ పిలుపిచ్చినప్పుడు, పదకొండేళ్ళ వయసులో, సొంత బాబాయిలు కాదంటున్నా కూలీలకు బియ్యం పంచిన అనుభవం. ఉయ్యాల పాటల్లో రాజకీయాన్ని చెప్పడం నేర్చుకోవడం. అంటే ఒక ఇల్లు, ఒక పుస్తకం, ఒక సంస్థ, ఒక పాట కలిసి ఆమెను తయారు చేశాయి. పుట్టుకతో వచ్చినదాన్ని ఆమె వాడుకోలేదు, వదిలించుకుంది. అలాంటి ఇంటి ఆడపిల్లని జనం 'దొరసాని' అని పిలిచే రోజుల్లో, గోదావరి అడవుల్లో అజ్ఞాతంలో ఆమె 'రాజక్క' అయింది. దొరసాని నుంచి అక్క దాకా ఆమె నడిచిన దూరమే ఆమె నాయకత్వం. ఆమె తలకు ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టింది ఈ అక్కకే.

1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ జరిగింది. ఆ తర్వాత ఏమైంది? ఆరుట్ల కమలాదేవి 1952లోనే ఆలేరు నుంచి శాసనసభకి గెలిచింది. ఆమె లాంటివాళ్ళు కొద్దిమందే. స్వరాజ్యం తుంగతుర్తి నుంచి శాసనసభలో అడుగుపెట్టడానికి 1978 దాకా పట్టింది. తుపాకులు పట్టినవాళ్ళు, దళాలకి అన్నం మోసినవాళ్ళు, కబుర్లు చేరవేసినవాళ్ళు చాలామంది తిరిగి ఇళ్ళకి వెళ్ళారు. ఇక ఇంటికి వెళ్ళండి అన్నప్పుడు కలిగిన నొప్పి 'మనకు తెలియని మన చరిత్ర'లో పదేపదే వినిపిస్తుంది. పోరాట కాలంలో నాయకత్వం వాళ్ళకి సహజమైతే, శాంతి కాలంలో ఎందుకు కాలేదు? జవాబు కష్టమేమీ కాదు. సంస్థ తలుపు తెరిచి ఉన్నంతకాలం ఆ శక్తికి చోటుంది. తలుపు మూశాక ఆ శక్తి వంటింట్లో పడింది. స్వభావం మారలేదు, చోటు పోయింది.

ఇక్కడినుంచి 40 ఏళ్ళు ముందుకి, నెల్లూరు జిల్లాకి రావాలి. ఎందుకంటే ఈసారి సంస్థ రూపం పార్టీ కాదు, రాత్రి బడి. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం పెద్దయెత్తున సాగింది. ఊరూరా కళాజాతాలు వచ్చాయి, పాటలు పాడాయి, నాటికలు వేశాయి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు దీపం చుట్టూ కూర్చున్నారు. వాళ్ళ వాచకంలో సారా గురించి రాసిన 'సీతమ్మ కథ' ఒక పాఠం. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదువుకున్న స్త్రీలు ఇది మన ఊరి సంగతేనని చర్చించుకున్నారు. ఊళ్ళోకి సారా రాకుండా ఆపారు. అంతటితో ఆగితే అది ఒక ఊరి కథగా మిగిలేది. దూబగుంట స్త్రీలు చేసినదే ఆ తర్వాత మరో పాఠంగా అచ్చయింది. దాన్ని చదివిన ఊళ్ళు తమ ఊళ్ళో కూడా అదే చేశాయి. కథ పని అయింది, పని మళ్ళీ కథ అయింది. సాహిత్య విద్యార్థినిగా నాకు ఇంతకంటే గొప్ప పఠన చరిత్ర తెలుగులో కనిపించలేదు.

1992లో ఆ కదలిక జిల్లా అంతటా వ్యాపించింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి మొదట్లో వంతుల వారీగా కాపలా కాశారు. సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

పత్రికలు ఈ ఉద్యమానికి పేజీలు కేటాయించాయి. మళ్ళీ అవే మాటలు. పెల్లుబికింది, ఉప్పెనయింది, అపరకాళికలయ్యారు. దాంతోపాటు పత్రికలకి ఒక ముఖం, ఒక పేరు కావలసి వచ్చింది. వర్ధినేని రోశమ్మ అలా 'దూబగుంట రోశమ్మ' అయింది. ఆమె ముందు నిలబడి పనిచేసిన మనిషి, సందేహం లేదు. కానీ ఊరి మొదట్లో రాత్రి కాపలాకి వంతులు వేసినదెవరు? కాపలాకి వెళ్ళిన ఆమె పిల్లల్ని చూసినదెవరు? భర్త చేత దెబ్బలు తిని కూడా మర్నాడు మళ్ళీ వచ్చిన స్త్రీకి ధైర్యం చెప్పినదెవరు? బడిలో అక్షరాలు దిద్దించిన వాలంటీరు అమ్మాయి తర్వాత ఏమైంది? ఒక సహజ నాయకురాలు దొరకగానే ఈ ప్రశ్నలన్నీ అనవసరమైపోతాయి. సారా ఉద్యమ స్త్రీలని రాజ్యం, ప్రతిపక్షాలు, వామపక్షం, స్త్రీవాదం ఎవరికి కావలసిన బొమ్మగా వాళ్ళు ఎలా మలుచుకున్నారో తేజస్విని నిరంజన, సూసీ తారు 1994లోనే చర్చించారు. ఆ చర్చలో స్త్రీవాదులుగా మనకి కూడా వాటా ఉందన్న సంగతి మరవకూడదు.

ఈ ముగ్గురి పేర్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. చిట్యాల ఐలమ్మ కులం పేరుతో చాకలి ఐలమ్మగా నిలిచింది. ఆ పేరుని ఆ తర్వాత బహుజన ఉద్యమాలు ఆత్మగౌరవంతో తమది చేసుకున్నాయి, అది వేరే చరిత్ర. భీంరెడ్డి స్వరాజ్యం అత్తింటి పేరుతో మల్లు స్వరాజ్యం అయింది. వర్ధినేని రోశమ్మకి ఊరి పేరే ఇంటిపేరయింది. కులం, భర్త ఇల్లు, ఊరు. ఒక స్త్రీ ఎంత పెద్ద పని చేసినా ఆమెను గుర్తించడానికి ఆమె బయట ఉన్న మరొకటి కావలసి వస్తుంది. అష్టవిధ నాయికల నుంచి మనం అనుకున్నంత దూరం రాలేదేమో అనిపిస్తుంది.

మరి మనుషుల మధ్య తేడాలే లేవా, కొందరికి పదిమందిని కూడగట్టే గుణం ఉండదా అని అడగవచ్చు. ఉంటుంది. కొందరికి గొంతు ఉంటుంది, కొందరికి ఓర్పు ఉంటుంది, కొందరు మాట్లాడకుండానే నమ్మకం కలిగిస్తారు. కానీ ఆ గుణం ఉన్న స్త్రీలు ఐలమ్మకి ముందు పాలకుర్తిలో లేరా? రాత్రి బడికి ముందు దూబగుంటలో లేరా? ఉన్నారు. పేరంటాలకి పదిమందిని పిలుచుకురావడం, నాట్లకి ముఠా కట్టడం, కూలి బేరం ఆడటం, తగవు తీర్చడం, చావింట్లో పని అందుకోవడం వాళ్ళు రోజూ చేసేవే. మేస్త్రీ చేస్తే, పెద్దమనిషి చేస్తే దాన్ని పెద్దరికం అన్నాం. ఆడవాళ్ళు చేస్తే దానికి ఏ పేరూ పెట్టలేదు. కాబట్టి గుణం ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ గుణానికి నాయకత్వమని పేరు పెడతాం, ఎవరిలో ఉంటే పెడతాం అన్నదే ప్రశ్న.

ఇది పాత చరిత్ర గురించిన వాదన మాత్రమే కాదు. తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీ పదవుల్లో సగం స్త్రీలకు రిజర్వు అయి ఉన్నాయి. అయినా సర్పంచ్ కుర్చీ పక్కన కూర్చుని మాట్లాడే భర్త కనిపిస్తే ఊరికి అది సహజంగానే అనిపిస్తుంది. పార్టీలు టికెట్లు ఇచ్చేటప్పుడు 'సమర్థులైన ఆడవాళ్ళు దొరకడం లేదు' అంటాయి. విశ్వవిద్యాలయాల్లో కమిటీలు వేసేటప్పుడూ ఈ మాటే వినిపిస్తుంది. నాయకత్వం పుట్టుకతో వచ్చేదని మనమే ఒప్పుకుంటే ఈ మాటకి జవాబు చెప్పలేం. లేనిచోట లేదంతే అని ఊరుకోవాలి. అది నేర్చుకునేదని, దానికి బడి కావాలని, తీరిక కావాలని, తోడు కావాలని, ఓడిపోయినా మళ్ళీ వచ్చి నిలబడే చోటు కావాలని అంటేనే, ఆ బడిని ఎవరు మూశారని అడగగలం.

2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీగా ఉన్న ఆవరణకి ఒక రజక రైతు స్త్రీ పేరు రావడం సంతోషించవలసిన విషయం. అక్కడ చదువుకునే అమ్మాయిల్లో చాలామంది తమ ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటితరం వాళ్ళు. నాలో అంత ధైర్యం లేదు, నేను అలా పుట్టలేదు అనుకునే అమ్మాయికి విగ్రహం ఏమీ చెప్పలేదు. కౌలు భూమి మీద తన హక్కేమిటో ఐలమ్మ ఎలా తెలుసుకుందో, సంఘంలో ఎవరిని నమ్మిందో, భయం వేసిన రాత్రి ఎవరింట్లో తలదాచుకుందో, కోతకి ఎవరెవరు వచ్చారో చెబితే మాత్రం ఆ అమ్మాయి వింటుంది. ఆ వివరాలు వెతికి రాయడం మన పని. చిట్యాల ఐలమ్మ చెప్పిన కథనం పుస్తకంలో ఉంది. అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.